రేంజ్ నంబర్ చూసి సెకండ్ హ్యాండ్ ఈవీ కొనేస్తారా?

సెకండ్ హ్యాండ్ ఎలక్ట్రిక్ కారు కొనడం గురించి ఒక మెసేజ్ కొన్నాళ్లుగా తెగ తిరుగుతోంది, మీకూ వచ్చే ఉంటుంది. అందులో ఉన్నది ఇదీ: ఇంజిన్ లేదు, క్లచ్ లేదు కాబట్టి పెద్దగా చూసేదేమీ ఉండదు, ఫుల్ ఛార్జ్ పెట్టించి స్క్రీన్ మీద రేంజ్ ఎంతో చూస్తే బ్యాటరీ సంగతి తేలిపోతుంది, తక్కువ తిరిగిన బండి అయితే కళ్లు మూసుకుని తీసుకోవచ్చు, ఫాస్ట్ ఛార్జింగ్ చేసిన బండి జోలికి పోవద్దు, మిగతాదంతా ఎనిమిదేళ్ల వారంటీ చూసుకుంటుంది. ప్రతి మాటలోనూ కొంచెం నిజం ఉంది, అందుకే జనం నమ్మేస్తున్నారు.

ముందు ఆ రేంజ్ సంగతి, ఎందుకంటే ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. స్క్రీన్ మీద కనపడే కిలోమీటర్లు చాలా బళ్లలో కొలత కాదు, అంచనా. బ్యాటరీలో ఎంత మిగిలిందో, ఈ మధ్య బండి కిలోమీటరుకి ఎంత తాగిందో లెక్కేసి చూపించే నంబర్ అది. కొత్తగా ఉన్నప్పుడు వాడుకోగల కెపాసిటీ 40 కిలోవాట్ అవర్లు అనుకోండి, కరెంటు బిల్లు భాషలో 40 యూనిట్లు. అది అరిగి 34 యూనిట్లకి దిగిపోయిన బండిని, ఓనరు ఏసీ వేయకుండా మెల్లగా, 100 కిలోమీటర్లకి 11 యూనిట్లు పడేలా నడిపాడంటే స్క్రీన్ 309 చూపిస్తుంది. అసలు అరగని 40 యూనిట్ల బండిని హైవే మీద తోలి 100 కిలోమీటర్లకి 16 యూనిట్లు తాగిస్తే 250 చూపిస్తుంది. మెసేజ్ చెప్పినట్టు వెళ్తే మీరు మొదటిది కొని రెండోది వదిలేస్తారు. కొన్ని కంపెనీల బళ్లు డ్రైవింగ్‌తో సంబంధం లేకుండా ఒకే రేటుతో లెక్కేస్తాయి, అవి కాస్త నయం.

మరి ఎలా చూడాలి? పోయినేడు మా బావమరిదితో ఒక బండి చూడ్డానికి వెళ్లాను. స్క్రీన్ మీద 300 దాటి కనపడగానే వాడి మొహం వెలిగిపోయింది. అమ్మే ఆయన్ని ఒప్పించి, ట్రిప్ మీటర్ జీరో చేసి, 90 శాతం దగ్గర మొదలెట్టి 30 శాతం వచ్చేదాకా తిప్పాం. ఆయనకి విసుగొచ్చిన మాట నిజమే గానీ అడ్డు చెప్పలేదు, అది కూడా ఒక మంచి గుర్తే. ఆ 60 శాతానికి ట్రిప్ మీటర్ చూపించిన ఖర్చు 20.4 యూనిట్లు, అంటే మొత్తం 34, కొత్తలో 40, కాబట్టి మిగిలింది 85 శాతం. ఇంత దూరం కుదరకపోతే తక్కువైనా తిప్పండి, కానీ ఏ 10 శాతమో తిప్పి లెక్కేస్తే మాత్రం ఒక్క శాతం అటూఇటూ అయినా లెక్కంతా తప్పిపోతుంది.

ఓబీడీ పోర్టుకి, అంటే మెకానిక్‌లు బండి లోపాలు చదివే సాకెట్‌కి, చిన్న డాంగిల్ పెట్టి ఫోన్ యాప్‌లో బ్యాటరీ హెల్త్ చదివే వీలు చాలా మోడళ్లలో ఉంది. నిస్సాన్ లీఫ్ అనే ఎలక్ట్రిక్ కారుకి లీఫ్ స్పై అనే యాప్ బాగా వాడతారు. అందులో మొత్తం శాతం కన్నా నేను సెల్ వోల్టేజీలే ముందు చూస్తాను, ఎందుకంటే ఒక్క బలహీనమైన సెల్ ఉంటే అది అయిపోగానే ప్యాక్ మొత్తం ఆగిపోతుంది, పక్కవాటిలో కరెంటు ఉన్నా లాభం లేదు. ఛార్జ్ తక్కువగా ఉన్నప్పుడు ఆ తేడా బాగా బయటపడుతుంది, 100 శాతం దగ్గర చాలావరకు దాక్కుంటుంది. ఫుల్ ఛార్జ్ పెట్టించి చూడమన్న సలహా ఈ విషయంలో సరిగ్గా తిరగబడింది. ఇంకో సంగతి, పాత లీఫ్‌లలో బ్యాటరీ ఆరోగ్యానికి 12 గీతలు ఉంటాయి, బ్యాటరీని చూసుకునే కంప్యూటర్‌ని రీసెట్ చేస్తే పోయిన గీతలు కొన్ని రోజులు తిరిగొచ్చేస్తాయి. బండి పాతది, గీతలు మాత్రం కొత్తవి అంటే అనుమానించాల్సిందే. ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం బ్యాటరీల్లో ఛార్జ్ మారినా వోల్టేజీ దాదాపు ఒకేలా ఉండిపోతుంది కాబట్టి చాన్నాళ్లు ఫుల్ ఛార్జ్ పెట్టని బండిలో ఏ రీడింగూ గట్టిగా నమ్మలేం.

ఇంజిన్ లేదు కాబట్టి చూసేదేమీ లేదు అన్నది ఇంకో మాట. పైన పటారం లోన లొటారం అన్న సామెత ఈ బళ్ల కోసమే పుట్టిందేమో. లిఫ్ట్ మీద ఎక్కించి కింద చూడండి, బ్యాటరీ పెట్టెకి సొట్ట ఉందా, గీరుకుపోయిందా, కూలెంట్ కారుతోందా, నీళ్లలో మునిగిన ఆనవాళ్లున్నాయా అని. రీజెన్ వల్ల, అంటే వేగం తగ్గేటప్పుడు మోటారే బండిని ఆపుతూ బ్యాటరీని ఛార్జ్ చేయడం వల్ల, బ్రేకులు తక్కువ వాడతాం కాబట్టి అవి అంతగా అరగవు గానీ తుప్పు పట్టి బిగుసుకుపోవచ్చు. బరువు వల్లా, ఒక్కసారిగా వచ్చే టార్క్ (చక్రాల్ని తిప్పే బలం) వల్లా టైర్లు త్వరగా అరుగుతాయి. చిన్న 12 వోల్టుల బ్యాటరీ చచ్చిపోతే పెద్ద బ్యాటరీ నిండా ఉన్నా బండి ఆన్ అవ్వదు. ఏసీ తప్పకుండా చూడండి, చాలా బళ్లలో బ్యాటరీని చల్లబరిచేదీ అదే.

తక్కువ తిరిగిన బండి గురించి ఒక్కమాట. లిథియం బ్యాటరీ తిరిగితేనే కాదు, ఊరికే ఉన్నా వయసుతో అరుగుతుంది. 100 శాతం ఛార్జ్ పెట్టి ఎండలో నెలల తరబడి వదిలేస్తే ఇంకా త్వరగా అరుగుతుంది. ఓడోమీటర్ ఈ సంగతి చెప్పదు. ఎక్కడ పార్క్ చేసేవారు, రోజూ ఎంతవరకు ఛార్జ్ పెట్టేవారు అని అడగాలి.

ఫాస్ట్ ఛార్జింగ్ అనగానే టెన్షన్ పడేవాళ్లకి: రికరెంట్ అనే సంస్థ 2023లో వేల టెస్లా కార్ల డేటా చూస్తే, తరచూ ఫాస్ట్ ఛార్జ్ చేసినవాటికీ అరుదుగా చేసినవాటికీ రేంజ్ తగ్గుదలలో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. అలాగని అన్ని బళ్లకీ అదే వర్తిస్తుందని కాదు. పాత లీఫ్ లాంటి, లిక్విడ్ కూలింగ్ లేని బండిని మండే ఎండలో రోజుకి రెండుసార్లు ఫాస్ట్ ఛార్జ్ చేస్తే కథ వేరు, అక్కడ అసలు శత్రువు వేడి. ఆ భయంతో కొనేముందు ఫాస్ట్ ఛార్జర్‌కి ఒక్కసారి కూడా పెట్టి చూడకపోవడం మాత్రం పొరపాటు. ఇంట్లో పెట్టే ఏసీ కరెంటు ఛార్జింగ్ కారులోపలి ఛార్జర్ ద్వారా నడుస్తుంది, ఫాస్ట్ ఛార్జర్ ఇచ్చే డీసీ కరెంటు దాన్ని దాటి నేరుగా బ్యాటరీకి పోతుంది. ఒకటి పనిచేసిందంటే రెండోది పనిచేస్తుందని లేదు. రెండూ పెట్టి చూడండి, పోర్టులో పిన్నులు కాలి నల్లబడ్డాయేమో కూడా.

ఇక వారంటీ. సాధారణంగా 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది. లెక్క మీరు కొన్న రోజు నుంచి కాదు, బండి మొదటిసారి అమ్ముడైన రోజు నుంచి. చాలా కంపెనీలు కెపాసిటీ 70 శాతం కన్నా దిగితేనే పట్టించుకుంటాయి, 72 దగ్గర ఆగిందంటే మీ ఖర్మ. కింద రాయి తగిలి పెట్టె పగిలితే వర్తించదు, కొన్ని వారంటీలు రెండో ఓనరు దగ్గరికి వచ్చేసరికి కుదించుకుపోతాయి కూడా. రాతలో చూడకుండా నోటిమాట నమ్మొద్దు.

ఛాసిస్ నంబర్‌తో రీకాల్స్ కూడా చూడాలి. మంటల ప్రమాదం వల్ల షెవర్లే బోల్ట్ కార్లని 2021లో పెద్దఎత్తున వెనక్కి పిలిచి చాలావాటికి కొత్త బ్యాటరీ వేశారు. అంటే 2017 మోడల్ బండిలో దానికన్నా నాలుగైదేళ్లు చిన్న బ్యాటరీ ఉండొచ్చు. ఆ రీకాల్ పని చేయించుకోని బండి అయితే దూరంగా ఉండాలి. తయారైన ఏడాది ఒక్కటే చూస్తే ఈ రెండూ ఒకేలా కనపడతాయి.

మెసేజ్‌లో అసలు ఊసే లేనిది బండికి కంపెనీ ఇచ్చే ఫోన్ యాప్. పాత ఓనరు అకౌంట్ నుంచి బండిని తీసేయకపోతే అది ఎక్కడుందో ఆయన ఫోన్‌లో కనపడుతూనే ఉంటుంది, కొన్నింట్లో డోర్ లాక్ కూడా తీయొచ్చు. డబ్బు ఇచ్చేముందే మీ ఎదురుగా తీయించండి.

మా బావమరిది చివరికి ఆ 85 శాతం బండినే కొన్నాడు, ధర కూడా దానికి తగ్గట్టు దిగాక. ఇప్పుడు ఫుల్ ఛార్జ్ పెడితే స్క్రీన్ 230 చూపిస్తోంది, వాడి తోలుడు అలాంటిది మరి.