చిట్టా రాసేవాడి బాకీ ఎవరు తీరుస్తారు?

మన దగ్గర ఆన్‌లైన్ గేమ్ అనగానే ముందు గుర్తొచ్చేది రమ్మీ, ఆ వెంటనే దాని మీద నిషేధం. ఆ గొడవ ఇక్కడ లేదు. నేను మాట్లాడబోయేది ఇరవై మంది కలిసి ఒక రాక్షసుణ్ణి కొట్టే ఆటల గురించి. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే, ఆ కొట్లాట ముగిశాక మిగిలే, ఎవరు ఎవరిని ఎంత కొట్టారో రాసిన చిట్టా గురించి. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఆడేవాళ్లకి ఆ ఆటకు చేర్చిన మిడ్‌నైట్ అనే అదనపు భాగం గోల కొత్తగా చెప్పక్కర్లేదు. పోరు నడుస్తుండగా ఆ సమాచారాన్ని యాడాన్లు (ఆటకు బయటివాళ్లు రాసి తగిలించే చిన్న ప్రోగ్రాములు) చదివి లెక్కలు కట్టకుండా తలుపు మూస్తున్నామని ఆట కంపెనీ బ్లిజార్డ్ 2025లో ప్రకటించింది. ఎవరు ఎంత దెబ్బ కొట్టారో చూపే డ్యామేజ్ మీటర్ మేమే ఆటలో పెడతాం అంది. మిడ్‌నైట్‌కి మా యాడాన్ ఉండదని వీక్ఆరాస్ చేసేవాళ్లు చెప్పేశారు. చిట్టా ఫైలు మాత్రం ఇంకా డిస్క్ మీద పడుతోంది కాబట్టి వార్‌క్రాఫ్ట్ లాగ్స్ లాంటి, చిట్టాలు చదివే సైట్లు బతికే ఉన్నాయి.

దీన్ని అందరూ యాడాన్లు మంచివా చెడ్డవా అన్న తగవుగా చూస్తున్నారు. నాకు మాత్రం ఇది బాకీల తగవు. ఇరవై ఏళ్లుగా కొందరు ఈ చిట్టా చదివే టూల్స్ తయారు చేశారు. తయారు చేసి ఊరుకోలేదు, ప్రతి ప్యాచ్‌కీ, అంటే కంపెనీ ఆటను మార్చిన ప్రతిసారీ, అవి విరిగిపోతే రాత్రిళ్లు కూర్చుని అతికించారు. ఆ చాకిరీ మీద ఆట కంపెనీలు మరింత కష్టమైన పోరాటాలు కట్టుకుని అమ్ముకున్నాయి. ఇప్పుడు ‘మీ అవసరం లేదు, మా దగ్గరే ఉంది’ అంటున్నాయి.

టూల్ రాయడం అంటే ఏముంది, టెక్స్ట్ ఫైలు చదివి కూడికలు చేయడమేగా అంటారు కోడ్ తెలిసినవాళ్లు. నిజమే, మొదటి రోజు అంతే. చాట్ డబ్బాలో స్లాష్ కొట్టి కంబాట్‌లాగ్ అని టైప్ చేస్తే ఆట ఒక ఫైలు రాయడం మొదలుపెడుతుంది. ఎన్ని గంటలకు, ఎవరు, ఎవరిని, ఏ మంత్రంతో, ఎంత దెబ్బ కొట్టారు, అన్నీ కామాలతో విడదీసిన వరుసలు. ఒక సాయంత్రం రెయిడ్ (గుంపుగా చేసే పెద్ద పోరు) అయ్యేసరికి ఫైలు వందల మెగాబైట్లు అవుతుంది. 2008లో వచ్చిన 2.4 ప్యాచ్ ముందు ఈ సుఖం కూడా లేదు. ఫలానావాడి నిప్పు బంతి ఫలానా జంతువుకు తగిలింది అని మనుషులు చదివే వాక్యాలే ఉండేవి. జర్మన్ ఆటగాడికి జర్మన్ వాక్యం, ఫ్రెంచ్ ఆటగాడికి ఫ్రెంచ్ వాక్యం. లెక్క కట్టాలంటే ప్రతి భాషా నేర్చుకోవాలి.

రెండో రోజు నుంచి అసలు కథ. చాలా ఏళ్లపాటు ఆ ఫైల్లో తేదీ ఉండేది, నెల ఉండేది, సంవత్సరం ఉండేది కాదు. ఏ దేశపు గడియారమో కూడా ఉండేది కాదు. డిసెంబర్ 31 రాత్రి పోరు మొదలుపెట్టి జనవరి 1న ముగించిన గుంపు చిట్టా ఎలా ఉంటుందో ఊహించుకోండి. వేటగాడి పెంపుడు జంతువు కొట్టిన దెబ్బ వేటగాడి ఖాతాలోకి పోవాలి. కానీ చిట్టా మొదలుపెట్టక ముందే ఆ జంతువును పిలిచి ఉంటే, అది ఎవరిదో చెప్పే వరుసే ఉండేది కాదు. ‘నా దెబ్బలన్నీ ఎవడికి రాశార్రా’ అని మరునాడు వేటగాడు వచ్చేవాడు. చిట్టా వంద శాతం సత్యమే చెప్పినా ఇలాంటి చోట టూల్ చెప్పేది కాకి లెక్కే అవుతుంది.

అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే ఫిర్యాదు ఇంకొకటుంది. ‘మీ టూల్ తప్పు, నా మీటర్‌లో వేరే నంబర్ వచ్చింది.’ ఆరు నిమిషాల పోరులో ఒకడు మూడో నిమిషంలో చచ్చాడు. ఈలోపు కోటీ ఎనభై లక్షల డ్యామేజ్ కొట్టాడు. వాడు బతికున్న 180 సెకన్లతో భాగిస్తే సెకనుకు లక్ష. మొత్తం 360 సెకన్లతో భాగిస్తే యాభై వేలు. రెండూ నిజమే. మొదటిది వాడి చేతి సత్తా, రెండోది గుంపుకు దక్కింది. వాడికి కావలసింది మాత్రం మొదటిదే. ఇది బగ్ కాదని, ఏది లెక్కించాలన్న నిర్ణయమని ఆ మనిషికి మర్యాదగా, వాడు నొచ్చుకోకుండా, వారంలో ముప్పయ్యోసారి చెప్పడమే సపోర్ట్. ఈ పని ఏ కోడ్‌లోనూ కనిపించదు.

ఇంతకన్నా అందమైన చిక్కు 2023 జూలైలో వచ్చింది. ఆగ్మెంటేషన్ ఇవోకర్ అని కొత్త రకం యోధుణ్ణి బ్లిజార్డ్ ఆటలో దింపింది. వాడు తన చేత్తో కొట్టేది తక్కువ, పక్కవాళ్ల బలం పెంచేది ఎక్కువ. పెరిగిన దెబ్బ చిట్టాలో ఎవరి పేరున పడుతుంది? పక్కవాడి పేరున. మీటర్ చూస్తే వీడు అట్టడుగున, ‘వీణ్ణి ఎందుకు తెచ్చారు’ అన్నట్టు ఉంటాడు. వీణ్ణి తీసేస్తే గుంపు మొత్తం చతికిలబడుతుంది. చివరకు ఫలానా దెబ్బలో ఇంత భాగం ఫలానావాడి చలవ అని చెప్పే ప్రత్యేక వరుసల్ని కంపెనీ చిట్టాలో చేర్చింది. వాటి పేరులోనే సపోర్ట్ అన్న మాట ఉంది. ఇక టూల్ వాళ్ల పని మళ్లీ మొదలు. వీడికి కలపాలంటే ఇంకొకడి నుంచి తీయాలి. తీస్తే ఆ ఇంకొకడు ఊరుకుంటాడా? ఫైనల్ ఫాంటసీ 14 అనే ఇంకో ఆట చిట్టాల సైట్ ఈ పేచీ తీర్చలేక ఒకే మనిషికి రకరకాల డీపీఎస్ (సెకనుకు కొట్టిన డ్యామేజ్) చూపిస్తుంది. ఇచ్చినవాడికి పుణ్యం రాస్తే ఒకటి, పుచ్చుకున్నవాడికే వదిలేస్తే ఒకటి, రెండూ తీసేస్తే ఒకటి. ధర్మశాస్త్రం రాసేవాళ్లు పడాల్సిన తిప్పలు ఇవి, ఖాళీ వేళల్లో కోడ్ రాసేవాళ్లు పడుతున్నారు.

అవతలి వాదం ఉంది, బలమైనదే. ఈ చిట్టాలు వచ్చాక ఆట ఆటలా లేదంటారు. వార్‌క్రాఫ్ట్ లాగ్స్‌లో నూటికి నీ స్కోరు పాతిక లోపు ఉంటే బూడిద రంగు, పెరిగేకొద్దీ ఆకుపచ్చ, నీలం, ఊదా, నారింజ. బూడిద రంగు చూసి కొత్తవాణ్ణి గుంపులోంచి గెంటేసినవాళ్లు లేకపోలేదు. రంగు కోసం రాక్షసుణ్ణి వదిలేసి పనికిరాని చిల్లర జంతువుల్ని కొట్టేవాళ్లూ ఉన్నారు. యాడాన్లు ఎంత తెలివి మీరితే కంపెనీ అంత కష్టమైన పోరు కట్టాల్సి వస్తోందన్నదీ నిజమే. ఇవన్నీ ఒప్పుకుంటాను. కానీ కరణం లంచగొండి అయితే అడంగల్ తగలబెట్టుకోం. 1984లో కరణాలు పోయారు, అడంగల్ ఉండిపోయింది. ఎల్డర్ స్క్రోల్స్ ఆన్‌లైన్‌లో చిట్టాలో తన పేరు కనపడకుండా దాచుకునే వీలు ఆటగాడికే ఇచ్చారు. మనసుంటే మార్గం అంత చిన్నది.

కంపెనీల మనసు ఎటుందో చూడాలంటే 2009 నాటి బ్లిజార్డ్ యాడాన్ నిబంధనలు చదివితే చాలు. యాడాన్‌కు డబ్బు తీసుకోకూడదు. కోడ్ దాచకూడదు. ఆటలో చందా అడగకూడదు. వేటికవి చూస్తే సబబైనవే. అన్నీ కలిపి చూస్తే వచ్చే అర్థం వేరు: నా ఆటకు నువ్వు చాకిరీ చెయ్యి, కానీ నా ప్రాంగణంలో జోలె పట్టకు. ఆ కంపెనీ మాత్రం ప్రతి నెలా చందా తీసుకుంటుంది.

గిల్డ్ వార్స్ 2లో ఇంకాస్త బాహాటంగా జరిగింది. ఆర్క్‌డీపీఎస్ అనే టూల్‌లో ఆయుధాల, నైపుణ్యాల అమరికను దాచుకుని మార్చుకునే సదుపాయం ఉండేది. 2019లో ఆ ఆట కంపెనీ ఎరీనానెట్ తన సొంత టెంప్లేట్లు తెచ్చింది, అదనపు ఖానాలకు ధర పెట్టింది. ఆర్క్‌డీపీఎస్‌లో ఉచితంగా ఉన్నది ఆగిపోయింది. ఊరివాళ్లు తవ్వుకున్న బావి పక్కన వాటర్ ప్లాంట్ పెట్టి బావి పూడ్చినట్టు.

ఫైనల్ ఫాంటసీ 14ది మరో తీరు. బయటి టూల్స్ ఏవీ వాడకూడదని ఆ ఆట కంపెనీ స్క్వేర్ ఎనిక్స్ నియమం. అయినా కష్టమైన రెయిడ్లు ఆడే పీసీ ఆటగాళ్లలో అడ్వాన్స్‌డ్ కంబాట్ ట్రాకర్ గురించి తెలియనివాళ్లు అరుదు. ఎవర్‌క్వెస్ట్ 2 కోసం పుట్టిన టూల్ అది, ప్లగిన్ తగిలించుకుని ఇక్కడికి వచ్చింది. ఆట రాసే చిట్టా చాలదు కాబట్టి నెట్‌వర్క్‌లో పోయే ప్యాకెట్లనే చదువుతుంది. ప్రతి ప్యాచ్‌కీ ఆ ప్యాకెట్ల గుర్తు నంబర్లు మారిపోతాయి. అంటే కొత్త రెయిడ్ తెరిచిన రోజే, అందరికీ టూల్ కావలసిన రోజే, అది గుడ్డిదైపోతుంది. ఎవరో ఒకరు కూర్చుని ఏ నంబర్ ఏదో మళ్లీ పోల్చుకోవాలి. ఈలోగా ‘ఇంకా ఎంతసేపు?’ అని వందల మంది. డబ్బిచ్చి కొన్న వస్తువు మీద కూడా అంత దబాయింపు ఉండదు.

ఇది గేములు ఆడుకునే కుర్రాళ్ల గొడవ అనుకునేవాళ్లకి ఒక మాట. హైదరాబాద్‌లో నేను ఆరేళ్లు ప్రొడక్షన్ సపోర్ట్ చేశాను. మా ఫ్లోర్‌లో రెండు కులాలు ఉండేవి: డెవలప్‌మెంట్, సపోర్ట్. రిలీజ్ రోజు కేక్ డెవలప్‌మెంట్ టేబుల్ మీద కోసేవాళ్లు. అదే రాత్రి రెండు గంటలకు ఫోన్ మోగేది సపోర్ట్‌వాడికి. జీతాల హైక్ సీజన్‌లో మేనేజర్ అడిగేవాడు, ‘ఈ ఏడాది నువ్వు కొత్తగా ఏం చేశావ్?’ అని. సిస్టమ్ పడిపోకుండా చూశాను అంటే అది జవాబు కింద లెక్క కాదు. పడిపోనిది చిట్టాలో ఉండదుగా. అమీర్‌పేటలో గోడలన్నీ చూడండి, జావా, పైథాన్, డేటా సైన్స్, ఇప్పుడు ఏఐ. నడుస్తున్నదాన్ని నడిపించడం నేర్పుతాం అన్న బోర్డు నాకు ఒక్కటీ కనపడలేదు. పెళ్లిచూపుల్లో ‘సపోర్ట్ ప్రాజెక్టా’ అన్న మాటలో ఉండే ఆ దీర్ఘం సంగతి సరేసరి.

ఆ చులకన ఎక్కడికి దారితీస్తుందో 2024 మార్చిలో ప్రపంచం చూసింది. లినక్స్ మెషీన్లలో విరివిగా వాడే ఎక్స్‌జడ్ అనే చిన్న కంప్రెషన్ లైబ్రరీని ఏళ్ల తరబడి ఒకే మనిషి జీతం లేకుండా చూసుకున్నాడు. అలసిపోయానని, మానసికంగా బాగాలేదని చెప్పుకున్నాడు. అప్‌డేట్లు ఆలస్యం అవుతున్నాయని ఆయన్ని దెప్పిపొడిచినవాళ్లు ఉన్నారు. అదే సమయంలో సాయం చేస్తానని ఒకడు వచ్చాడు, రెండేళ్లకు పైగా నమ్మకంగా పనిచేశాడు, చివరకు సర్వర్లలోకి దొంగదారి పెట్టాడు. లాగిన్ అవడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమిటి అని ఒక ఇంజినీర్‌కు అనుమానం రావడంతో బయటపడింది. అర సెకను! చిట్టా చూసే అలవాటున్న ఒక మనిషి లేకపోతే ఎంత దూరం పోయేదో.

అక్కడా ఇక్కడా మనిషి ఒకడే. ఆగ్మెంటేషన్ ఇవోకర్ కోసం చిట్టాలో కొత్త వరుస పెట్టిన కంపెనీకి, ఆ చిట్టాను అందరికీ అర్థమయ్యేలా చేసినవాడి కోసం ఒక వరుస పెట్టాలని ఎందుకు తోచలేదు?

నేను అడిగేది దానధర్మం కాదు. చిట్టా ఫార్మాట్ మారేటప్పుడు ఏ వరుసలో ఏ గడి మారుతోందో టెస్ట్ సర్వర్ దశలోనే రాసి ఇవ్వాలి. చిట్టాను ఆటగాడి సొత్తుగా నిబంధనల్లో ఒప్పుకోవాలి, కంపెనీ దయగా కాదు. టూల్ నిలబెట్టేవాడు డబ్బు అడిగితే అది నేరం కాకూడదు. సొంత మీటర్ పెడితే పెట్టుకోండి, మంచిదే. కానీ తనకు తానే లెక్క రాసుకుని తానే ఆడిట్ చేసుకునే కంపెనీ నంబర్‌ను సరిచూడటానికి బయట ఇంకో లెక్క ఉండాలి.

ఆటగాళ్లు కూడా ఒక పని చేయొచ్చు. వార్‌క్రాఫ్ట్ అమెరికా సర్వర్లకు ప్యాచ్ మంగళవారం పడుతుంది. అది దిగిన గంటకే టూల్ విరిగిందని మెసేజ్ పెట్టేముందు ఆ ఫైలు ఒకసారి నోట్‌ప్యాడ్‌లో తెరవండి. నిన్నటిదీ ఇవాళ్టిదీ పక్కపక్కన పెట్టండి. ఎక్కడో లక్షల వరుసల మధ్య, ఎవరికీ చెప్పకుండా ఒక కొత్త కామా చేరి ఉంటుంది. ఎక్కడుందో కనిపెట్టగలిగితే మెసేజ్‌లో ఆ వరుస కూడా అతికించి పంపండి.