టామ్ కాదు, డైసీయే పెద్ద దోషి

స్కాట్ ఫిట్జ్‌గెరాల్డ్ 1925లో అచ్చువేసిన ‘ది గ్రేట్ గ్యాట్స్‌బీ’ నవలలో అందరికంటే నీతి తప్పిన మనిషి ఎవరు? మా నల్లగొండలో ఈ నవల చదివినవాళ్లతో మాట్లాడితే ముందు వచ్చే పేరు టామ్ బుకానన్. విసునూరు దేశ్‌ముఖ్ ఆగడాలు, 1946లో కడవెండిలో దొడ్డి కొమరయ్యను కాల్చి చంపిన సంగతి వింటూ పెరిగినవాళ్లం మేము. ఆ ఊళ్లు అప్పట్లో నల్లగొండ జిల్లాలోనివే. డబ్బు, కండబలం ఉన్నవాడు పేదవాడి ఇంటి మీద పడితే వాణ్ణి గుర్తుపట్టడం మాకు ఒకరు నేర్పనక్కర్లేదు.

టామ్ అలాంటివాడే. మెకానిక్ విల్సన్ భార్య మిర్టిల్‌తో సంబంధం పెట్టుకున్నాడు. తన భార్య పేరెత్తిందని అరచేత్తో కొట్టి ఆమె ముక్కు పగలగొట్టాడు. తెల్లజాతి మునిగిపోతోందని అన్నం తినే బల్ల దగ్గర కూర్చొని ఊగిపోతాడు. అతన్ని వెనకేసుకురావడం నా ఉద్దేశం కాదు. అయినా తీర్పు చెప్పమంటే నేను అతని భార్య డైసీ పేరే చెబుతాను. కారుతో మిర్టిల్‌ను గుద్ది చంపి, ఆ సంగతి దాచింది ఆమె.

హైదరాబాద్-విజయవాడ హైవే పక్క ఊళ్లవాళ్లకు ఈ మాట తొందరగా అర్థమవుతుంది. చిట్యాల, నార్కట్‌పల్లి, నకిరేకల్, సూర్యాపేట. ‘గుర్తుతెలియని వాహనం ఢీకొని వ్యక్తి మృతి’ అని జిల్లా పేజీలో నాలుగు లైన్లు వస్తాయి. చనిపోయినవాడికి పేరు, ఊరు, వయసు ఉంటాయి. గుద్దినవాడికి ఏదీ ఉండదు. ఆ ఇంటివాళ్లు ఏళ్ల తరబడి అడిగేది ఒకటే, ఎవరు గుద్దారని. ప్రమాదం ఎవరి చేతుల్లోనైనా జరగొచ్చు, ఆ సంగతి వాళ్లకూ తెలుసు. బండి ఆపకుండా పోయి, ఆ తర్వాత కూడా నోరు విప్పకపోవడమే వాళ్లు క్షమించలేరు.

మన చట్టం కూడా అక్కడే పట్టుకుంటుంది. జనం మీద పడి కొట్టే పరిస్థితి ఉంటే, గాయపడినవాళ్లను డ్రైవరే ఆస్పత్రికి చేర్చాలన్న బాధ్యత నుంచి మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. పోలీసులకు చెప్పడం మాత్రం తప్పదు. చెప్పకుండా పారిపోతే పదేళ్ల దాకా జైలు అని భారతీయ న్యాయ సంహిత 106(2)లో రాశారు. దాని మీద లారీ డ్రైవర్లు 2024 జనవరిలో సమ్మెకు దిగారు. అదే ఏడాది జూలై 1న సంహిత అమల్లోకి వచ్చినప్పుడు ఆ క్లాజును పక్కన పెట్టారు. శిక్ష ఎంత ఉండాలనేది వేరే చర్చ.

ఇప్పుడు నవలలోకి వద్దాం. గ్యాట్స్‌బీ డైసీ పాత ప్రేమికుడు, ఇప్పుడు కోటీశ్వరుడు. ఆమె కోసం అతనికీ టామ్‌కూ న్యూయార్క్ హోటల్లో పెద్ద గొడవ జరిగాక, మనసు కుదుటపడుతుందని గ్యాట్స్‌బీ తన పసుపు కారు స్టీరింగ్ డైసీకి ఇస్తాడు. విల్సన్ గ్యారేజీ ముందు మిర్టిల్ రోడ్డు మీదికి పరుగెత్తుకొస్తుంది. డైసీ ముందు ఎదురుగా వస్తున్న కారు వైపు తిప్పుతుంది, భయపడి మళ్లీ మిర్టిల్ వైపే తిప్పేస్తుంది. అక్కడిదాకా నేను ఆమెను తప్పు పట్టను. కారు ఆపడం ఆమె వల్ల కాదు, చివరికి గ్యాట్స్‌బీయే ఎమర్జెన్సీ బ్రేక్ లాగుతాడు. దాన్నీ కంగారు కింద వదిలేద్దాం.

ఆ రాత్రి వంటగదిని మాత్రం వదిలేయలేను. టామ్, డైసీ ఎదురెదురుగా కూర్చున్నారు. మధ్యలో చల్లారిన చికెన్ వేపుడు, రెండు సీసాల బీరు. ఆమె చేతి మీద అతని చెయ్యి. ఇద్దరూ ఏదో మంతనం చేస్తున్నట్టున్నారని కిటికీలోంచి చూసిన కథకుడు నిక్ అంటాడు. టామ్ ఆమెను ఏమైనా చేస్తాడేమోనని అదే సమయంలో గ్యాట్స్‌బీ బయట చీకట్లో కాపలా కాస్తున్నాడు. మర్నాడు ఆమె ఫోన్ కోసం ఎదురుచూస్తాడు. ఆ మధ్యాహ్నమే విల్సన్ వచ్చి అతన్ని కాల్చి, తననూ కాల్చుకుంటాడు. కారు ఎవరిదో విల్సన్‌కు చెప్పింది టామ్. కానీ గ్యాట్స్‌బీయే గుద్దాడని టామ్ నిజంగా నమ్మాడు, చెప్పేటప్పుడు ఎదుటివాడి చెయ్యి జేబులోని రివాల్వర్ మీద ఉంది. నిజం తెలిసిన డైసీకి ఒక రాత్రి, ఒక పూట చేతిలో ఉన్నాయి. ‘బండి నడిపింది నేను’ అని మొగుడితో ఒక్క ముక్క చెప్పినా విల్సన్ ఆ ఇంటి దారి పట్టేవాడు కాడు. ఆమె సామాన్లు సర్దుకొని వెళ్లిపోయింది. అంత్యక్రియలకు ఒక పువ్వు కూడా పంపలేదు.

నేరం తన మీద వేసుకుంటానన్నది గ్యాట్స్‌బీయే కదా అని కొందరు వాదిస్తారు. నిజమే. ప్రేమతో ఒకడు మెడ ముందుకు చాపితే, తాడు తగిలించి పక్కకు తప్పుకోవడం అమాయకత్వం ఎలా అవుతుంది? మొగుడి చాటున బతికే ఆడదని ఇంకొందరు జాలి పడతారు. ఆ జాలి మిర్టిల్ మీద చూపించేవాళ్లు తక్కువ. బతికుండగా టామ్ చేత దెబ్బలు తిన్నదీ ఆమే, చచ్చాక ఎవరికీ పట్టనిదీ ఆమే. డైసీ గొంతులో డబ్బు గలగల వినిపిస్తుందని గ్యాట్స్‌బీయే అంటాడు. పాఠకులు కూడా ఆ గొంతుకే కరిగిపోతున్నారని నాకు బాధ.

ఆమె తర్వాత నేను నిలదీసేది కథ చెప్పిన నిక్‌ను. తాను చాలా నిజాయితీపరుణ్ణని మూడో అధ్యాయం చివర్లో చెప్పుకుంటాడు. కారు నడిపింది ఎవరో గ్యాట్స్‌బీ నోట విన్నవాడు, విచారణలో మాత్రం బయటపెట్టడు. దుఃఖంతో మతి చెడినవాడి పనిగా విల్సన్ కేసు తేల్చేస్తారు. అక్టోబరులో టామ్ రోడ్డు మీద కనిపించి ‘నిజమే చెప్పాను’ అన్నప్పుడు, అది నిజం కాదని తెలిసీ, నిక్ అతనితో చెయ్యి కలిపి పోతాడు.