గైడు కాదు, కాలిబాట కావాలి

చార్మినార్ చూడటానికి వచ్చేవారిలో చాలామంది చార్మినార్ తప్ప మరేదీ చూడకుండానే వెళ్లిపోతారు. ఆటో దిగుతారు, ఫొటో తీసుకుంటారు, గాజులు కొంటారు, మళ్లీ ఆటో ఎక్కుతారు. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా ఆ నాలుగు మినార్ల చుట్టూ ఒక నగరాన్నే నిలబెట్టాడు. అది అర్థం కావాలంటే మూసీ మీది నయాపూల్ వంతెన దగ్గర దిగి, ఎవరి కాళ్లతో వారు, ఎవరి తీరిక మేరకు వారు నడవాలి. ఉన్నది రెండు కిలోమీటర్ల లోపే. గైడు లేకుండా నడవమనే నా సలహా.

ఎందుకంటే అక్కడి గోడలే కథ చెబుతాయి. మదీనా చౌరస్తా దగ్గర, మొహర్రం సంతాపానికి కట్టిన బాద్‌షాహీ అషుర్‌ఖానాలోకి వెళ్లి గోడ ముందు పది నిమిషాలు నిలబడండి. నీలం, పసుపు, ఆకుపచ్చ పలకలతో కూర్చిన అలమ్‌లు కనిపిస్తాయి. మన పల్లెల్లో పీర్లని పిలుచుకునేవి అవే. అలా చూస్తూ చూపు కిందికి దించితే ఒకచోట పలకల నిగనిగ ఆగిపోయి, వట్టి రంగుల పూత మొదలవుతుంది. 1908లో మూసీ వరద ముంచిన భాగం అది. నాలుగు వందల ఏళ్ల పనితనాన్నీ, ఒక్క వరద తెచ్చిన విధ్వంసాన్నీ ఆ ఒక్క గోడ మీదే చూడవచ్చు. గుంపుతో వెళితే "పదండి, పదండి" అనే కేక వినిపించేసరికి మీ కన్ను ఇంకా పై పలకల మీదే ఉంటుంది.

గైడ్లకు బతుకుతెరువు ఉండాలి, తెలియని సందుల్లో తోడు అవసరం అనేవారి మాట కాదనను. అహ్మదాబాద్ నగరపాలక సంస్థ 1997 నుంచి పోళ్లు అనే పాత ఇరుకు పేటల్లో గైడుతో నడకలు జరుపుతూనే ఉంది, అది మంచి పనే. కానీ తోడు లేనిదే నడవలేని స్థితిలో వీధులను ఉంచి, ఆ తోడునే పర్యాటకం అనుకోవడం సరికాదు.

మదీనా నుంచి చార్మినార్ వైపు సాగే పత్తర్‌గట్టీ వీధినే చూడండి. వరద తర్వాత 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి ఈ వీధిని వెడల్పు చేసి రాతి కమానుల వరస కట్టింది. ఆ కమానుల కింద ఎండా వానా తగలకుండా దుకాణం నుంచి దుకాణానికి నడిచిపోవచ్చు. నడిచేవాడి నెత్తిన నీడ ఉండాలని వందేళ్ల కిందట ఈ ఊరికి తెలుసు! ఇప్పుడు ఆ నీడలోనూ సరుకు మూటలే. కమానుల బయట అడుగుపెడితే బైకు మోకాలికి తగులుతుంది. చార్మినార్ చుట్టూ వాహనాలు ఆపి రాళ్లు పరచడానికి ఎన్నేళ్లు పట్టిందో అందరూ చూశారు. అక్కడికి చేరే దారి సంగతి మాత్రం ఎవరికీ పట్టలేదు. ఆ దారిలోనే చార్ కమాన్ అనే నాలుగు పెద్ద తోరణాల నడుమ ఉన్న గుల్జార్ హౌజ్ ఒకప్పుడు దాహం తీర్చిన నీటి తొట్టి, ఇప్పుడు బళ్లు చుట్టూ తిరిగే మలుపు. మొన్న దాన్ని దగ్గరగా చూద్దామని రోడ్డు దాటబోయి రెండుసార్లు వెనక్కి వచ్చాను.

ఇది పాతబస్తీ జబ్బు మాత్రమే కాదు. మాదాపూర్‌లో అయినా, విజయవాడలో అయినా, విశాఖలో అయినా రోడ్డు వెడల్పు చేయాలంటే ముందు కోత పడేది కాలిబాటకే. అడ్డంకులు లేని కాలిబాట జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 మే నెలలో స్పష్టంగా చెప్పింది. అయినా మన నగరాల్లో నడిచేవాడిని ఇంకా అడ్డంగా వచ్చినవాడిగానే చూస్తున్నారు. ఫ్లైఓవర్‌కు దొరికే డబ్బు కాలిబాటకు ఎందుకు దొరకదు? కారు ఉన్నవాడి పది నిమిషాలు విలువైనవి, నడిచే ముసలామె ప్రాణం కాదా?

పత్తర్‌గట్టీ నుంచే మొదలుపెట్టండి. కమానుల కింద మూటలు తీయించి, వాటికి గోదాము చూపండి. చార్ కమాన్‌లోని మచ్లీ కమాన్, కాలీ కమాన్ పక్కన తెలుగులో, ఉర్దూలో నాలుగు వాక్యాల పలక పెట్టండి. గుల్జార్ హౌజ్ దగ్గర ఒక పిల్లవాడు అమ్మ చేయి పట్టుకోకుండా రోడ్డు దాటగలగాలి.