తాపీ పని తాపీగానే

తుర్క్‌మెనిస్థాన్, అఫ్గానిస్థాన్, పాకిస్థాన్, ఇండియా. ఈ నాలుగు పేర్ల ఇంగ్లిషు తొలి అక్షరాలు కలిపి, తుర్క్‌మెన్ గ్యాసును మిగతా మూడు దేశాలకు తెచ్చే పైపులైనుకు 'తాపీ' అని పేరు పెట్టారు. పెట్టినవారిలో తెలుగువారెవరో ఉన్నారని నా గట్టి అనుమానం. తొందర లేదన్న అర్థమూ కుదిరింది, శిలాఫలకం కట్టే మేస్త్రి పని అన్న అర్థమూ కుదిరింది. 1,800 కిలోమీటర్ల దారిలో గ్యాసు రాలేదని గొణిగేవారికి ఆ రెండో అర్థం తెలియదు.

ఈ పైపులైను మాట 1990లలో మొదలైంది. అమెరికా కంపెనీ యూనోకల్ 1998లో చేతులు దులుపుకుంది. 2010లో తుర్క్‌మెన్ రాజధాని అష్గాబాత్‌లో నాలుగు ప్రభుత్వాలూ సంతకాలు చేశాయి. 2015 డిసెంబరులో అదే దేశంలోని మారీ దగ్గర శంకుస్థాపన; అప్పటి మన ఉపరాష్ట్రపతి హమీద్ అన్సారీ కూడా వెళ్లివచ్చారు. 2019 చివరికి గ్యాసు అన్నారు. 2018లో అఫ్గాన్ సరిహద్దులో ఇంకో ప్రారంభోత్సవం, 2024 సెప్టెంబరులో అక్కడే మళ్లీ ఒకటి. మధ్యలో కాబూల్‌లో ప్రభుత్వం కూలి తాలిబన్లు వచ్చారు గానీ ముహూర్తాలకు మాత్రం భంగం కలగలేదు. 2024 ప్రారంభోత్సవం రోజున అఫ్గాన్ నగరం హెరాత్‌లో సెలవు కూడా ప్రకటించారు. పైపులోంచి మొదట బయటపడింది ఆ సెలవే. (పెద్ద తరగతుల ఆడపిల్లలకు అది 2021 నుంచే అమల్లో ఉంది.)

పంపకాలు ముందే అయిపోయాయి. రోజుకు భారత్‌కు 38, పాకిస్థాన్‌కు 38, అఫ్గానిస్థాన్‌కు 14 మిలియన్ ఘనపు మీటర్లు. ఆలూ లేదు చూలూ లేదు, సోమలింగానికి మాత్రం ముగ్గురు వాటాదారులు. గ్యాసు క్షేత్రంలో వాటా ఇస్తే పైపు వేస్తామని పెద్ద చమురు కంపెనీలు అన్నాయి. తుర్క్‌మెన్లు ససేమిరా అన్నారు. వాటా లేని చోట, తుపాకుల మధ్య, మాటలైనా సరిగా లేని రెండు దేశాల గుండా వేల కోట్లు పాతిపెట్టడానికి బ్యాంకులు జంకాయి. పిరికితనం కాక మరేమిటి?

చైనావాళ్ల అనుభవరాహిత్యం చూడండి. అదే తుర్క్‌మెన్ గ్యాసు కోసం, ఉజ్బెకిస్థాన్, కజక్‌స్థాన్‌ల మీదుగా, దాదాపు ఇంతే పొడవైన పైపు వేసి 2009 డిసెంబరులోనే వాల్వు తిప్పారు. పనికి పట్టింది రెండేళ్ల పైచిలుకు. అంత తొందరపడితే శంకుస్థాపనలు ఎన్ని నష్టపోతారో లెక్క వేసుకున్నట్టు లేదు.

ఇప్పుడు హెరాత్ వైపు నిజంగానే పైపు పడుతోందట. ఇది కాస్త ఆందోళన కలిగించే విషయం. పైపు చివర మన పంజాబ్‌లోని ఫాజిల్కా. అక్కడ రాతి పలకకు స్థలం ఇప్పుడే చూసి ఉంచాలి, మేస్త్రికి బయానా ఇచ్చి. తేదీ రాయవలసిన చోట ఖాళీ వదిలితే చాలు.