మెడ వెనక బిళ్లకు బహిరంగ లేఖ

మహారాజశ్రీ కార్టికల్ స్టాక్ గారి దివ్యసముఖమునకు,

ఉభయకుశలోపరి. తమరి కుశలం వేరే అడగక్కర్లేదనుకోండి, ఒళ్లు పోయినా తమరికేం కాదు.

2018లో వచ్చిన 'ఆల్టర్డ్ కార్బన్' అనే సైన్స్ ఫిక్షన్ సిరీస్‌లో మీ దర్శనమైంది. మెడ దగ్గర వెన్నుపూసలో దిగేసిన చిన్న బిళ్ల. మనిషి బుద్ధీ జ్ఞాపకాలూ అన్నీ అందులోనే. ఒళ్లు పాడైతే బిళ్ల పీకి ఇంకో ఒంట్లో పెట్టడమే. ఆ ఒంటి పేరు 'స్లీవ్', చొక్కా చెయ్యి అన్నట్టు. పరకాయ ప్రవేశం మాకు కొత్తేం కాదు. కాకపోతే దానికి తపస్సు చెయ్యాల్సొచ్చేది, మీకు డబ్బుంటే చాలు.

చావుని జయించారు కదా, సన్మానం చేద్దామనే కూర్చున్నాను. ఇంతలో ఆ సిరీస్‌లోని ఏడేళ్ల పిల్ల గుర్తొచ్చి శాలువా పక్కన పెట్టాను. కారు గుద్దేసి చచ్చిపోయిందా, సర్కారువారు దయతలిచి ఉచితంగా ఒళ్లిచ్చారు. ఏ ఒళ్లు? ఆ పూట గోదాంలో ఏది మిగిలుంటే అది. నడివయసు ఆవిడ మొహంలోంచి ఆ పిల్ల బెదురుచూపులు చూస్తుంటే కన్నవాళ్లు కొయ్యబారిపోయారు. మంచిది కావాలా, డబ్బు కట్టండి. వద్దా, పిల్లని మళ్లీ స్టోరేజీలో పెట్టేస్తాం. అంతే సంగతి.

అదే కుబేరుడు లారెన్స్ బాన్‌క్రాఫ్ట్ దొరగారికైతే, 300 ఏళ్లు దాటినా సరే, సొంత క్లోన్లు ఇస్త్రీ చొక్కాల్లా వరసగా సిద్ధం. 48 గంటలకోసారి మనసు కాపీ ఉపగ్రహానికెక్కుతుంది. ఖర్మ కాలి, తల పేలింది మాత్రం కాపీకి కాస్త ముందు. తనని చంపిందెవరో తనకే తెలీక, 250 ఏళ్లుగా ఒళ్లు లేకుండా పడున్న కథానాయకుడు టకేషి కోవాక్స్‌ని లేపించి ఆరా తియ్యమన్నాడు. శవమే వచ్చి కేసు పెట్టడం అంటే ఇదే కాబోలు!

నిజం చెప్పొద్దూ, ఒక్క రాత్రికి మాత్రం మీకు రుణపడ్డాను. పోయిన ముసలమ్మ, ఒళ్లంతా పచ్చబొట్లున్న రౌడీ ఒంట్లో ఇంటికొచ్చి, అందరితో కూర్చుని భోంచేసింది. ఆ గరుకు గొంతులో ముసలమ్మ మాట వింటే నవ్వూ వచ్చింది, ఇంకోటీ వచ్చింది.

సిరీస్ తీసినవాళ్లు మీ విద్య బాగానే ఒంటబట్టించుకున్నారు. మొదటి సీజన్‌కి జోయెల్ కినమన్, 2020లో రెండోదానికి ఆంథనీ మాకీ. అదే కోవాక్స్, వేరే ఒళ్లు. ఆ ఏడాదే సిరీస్ ఆపేశారు. మూడో ఒళ్లు దొరకలేదు. గోదాంలో ఏదైనా మిగిలుంటే, నడివయసుదైనా సరే, కాస్త కబురంపగలరు.

ఇట్లు,
ఒంటి చొక్కా మనిషి