బాబాయి పిన్ను, పదిమంది కన్ను

ఏటీఎం దగ్గర మా బాబాయి జాగ్రత్త చూసి తీరాలి. ముందు కార్డు పెట్టేచోట పట్టుకుని గట్టిగా ఊపుతాడు, ఎవరైనా దొంగ పరికరం తగిలించారేమోనని. తర్వాత తలెత్తి మీటల పైభాగమంతా వెతుకుతాడు, చిన్న కెమెరా ఏదైనా అతికించారేమోనని. ఇవి రెండూ నిజంగా జరిగే మోసాలే కాబట్టి నేనేమీ అనను. చివరగా వెనక వరసలో ఉన్నవాళ్ళని ఒక్కొక్కరినీ ఎగాదిగా చూస్తాడు. అప్పుడు మాత్రం నేను ఆయన తాలూకు కానట్టు గోడవైపు తిరుగుతాను.

మొన్న జాగ్రత్త ఇంకాస్త ముదిరింది. మీటల మీద ఎడమచెయ్యి అడ్డం పెడితే సరిపోయేది. ఆయన చేతిసంచీ కూడా బోర్లించి, దానిమీద తల వంచాడు. ఇక పిన్ను దొంగకీ కనబడదు, బాబాయికీ కనబడదు.

తప్పు పిన్ను అంది యంత్రం. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ తప్పే.

"బాబాయ్, మూడోసారి కూడా తప్పితే కార్డు ఆగిపోతుంది. ఆ సంచీ తియ్యి!"

"నువ్వు అటు తిరగరా ముందు!"

ఆ మూడు అవకాశాల లెక్కలోనే ఉంది అసలు సంగతి. నాలుగంకెలతో 0000 నుంచి 9999 దాకా పదివేల పిన్నులు కుదురుతాయి. మూడు ప్రయత్నాల్లో ఊహించి పట్టుకోవడం అయ్యేపని కాదు. అందుకే తెలివైన దొంగ ఊహల జోలికి పోడు. పక్కన నిలబడి చూస్తాడు. మా బాబాయి విషయంలో ఆ శ్రమ కూడా అక్కర్లేదు, ఎందుకంటే ఆయన కంగారు పడితే అంకెలు పైకి చదువుతాడు.

"రెండు... ఏదీ, ఆఁ, ఇదిగో... తొమ్మిది... సున్నా..." అని ఆగిపోయాడు. "చివరిది మూడా, ఎనిమిదా?"

"ఎనిమిదండీ," అన్నాడు వెనకాయన.

బాబాయి గిర్రున తిరిగాడు. "మీకెలా తెలుసు?"

"పోయిన నెలా ఇలాగే అడిగారు కదండీ. అప్పుడు చెప్పింది ఈవిడ."

ఆవిడ మర్యాదగా తలూపింది.

డబ్బు వచ్చింది, బాబాయి పరువు పోయింది. తప్పంతా అంకెల సంఖ్యమీదికి నెట్టేశాడు. 1967లో లండన్ ఎన్‌ఫీల్డ్‌లో తొలి ఏటీఎం పెట్టించిన షెపర్డ్ బారన్ ఆరంకెలు అనుకున్నాడట, తనకు నాలుగే గుర్తుంటాయని భార్య అనడంతో నాలుగుకి దిగాడట. ఆయనే చెప్పుకున్న ముచ్చట ఇది. "ఆరు ఉంటే వీళ్ళకి గుర్తుండేవా?" అని బాబాయి వాదన. బాబాయికి గుర్తుండేవా అని నేను అడగలేదు.

పిన్ను అక్కడికక్కడే మార్చేద్దామన్నాను. ఒప్పుకున్నాడు. ఈసారి సంచీ లేదు, చెయ్యే అడ్డం పెట్టాడు. పెదాలు బిగించాడు కూడా. కానీ యంత్రం కొత్త పిన్ను రెండోసారి నొక్కమంది. మొదటిసారి ఏం నొక్కాడో తేల్చుకోవడానికి వేళ్ళు మడుస్తూ మొదలుపెట్టాడు: "ఏడు... నాలుగు..."

వెనకాయన నిట్టూర్చాడు. "పాతదే ఉంచేయండి సార్. మాకు అలవాటైపోయింది."