మడ అడవిని బంజరు చేయడం ఎలా?

కాకినాడ పక్కన కోరింగలో ఉన్నట్టు మీ తీరంలోనూ మడ అడవి ఉంటే ముందుగా మా సానుభూతి. సముద్రం ఒడ్డున అంత భూమి పైసా అద్దె ఇవ్వకుండా, ఊపిరి వేళ్లు గాల్లోకి పెట్టుకుని కూర్చుంది. అలాగని గొడ్డలి ఎత్తకండి. చెట్టు కొడితే కేసు, దానంతటదే చస్తే బంజరు.

పోటు నీరు వచ్చే పాయలు చూసుకుని వాటికి అడ్డంగా కట్ట పోసి రోడ్డు వేయండి. తూము పెట్టక తప్పదంటే పాయ అడుగుకి రెండు మూరలు పైన పెట్టండి. అంచనాల్లో తూము ఉన్నట్టే, నీటికి లేనట్టే. లోపల చిక్కుకున్న నీరు ఎండకి ఆవిరై ఉప్పు మిగులుతుంది. మట్టి మీద తెల్లటి పొర తేలిందంటే సగం పని అయినట్టే. మడచెట్లలో ముందు ఉప్పుపొన్న పోతుంది. తెల్లమడ మొండిది, ఉప్పుని ఆకుల మీదికి కక్కేసి కొన్నాళ్లు లాగుతుంది. వానాకాలంలో కట్ట వెనక నీరు నిలిచి ఊపిరి వేళ్లు వారాల తరబడి మునిగితే ఆ మొండితనమూ వదులుతుంది. ఈలోగా గేదెల్ని తోలండి, ఆకు వాటికి ఇష్టమే.

2019 తీర నియంత్రణ నోటిఫికేషన్ ప్రకారం మడ వెయ్యి చదరపు మీటర్లు దాటితే చుట్టూ 50 మీటర్లు వదలాలి. వెయ్యి అంటే సుమారు పాతిక సెంట్లు. ముక్కలు చేయడం మనకి కొత్తా? అన్నదమ్ముల పంపకాల్లో ఆరితేరినవాళ్లమే.

రొయ్యపిల్ల, మండపీత అక్కడే ఎదుగుతాయని వేటకెళ్లేవాళ్లు అంటారు. నిజమే గానీ, వలలో పడ్డ రొయ్య పుట్టింటి పేరు చెప్పదు కదా, ఏ పద్దులో రాస్తాం? వంద మీటర్ల మడ అల ఎత్తుని 13 నుంచి 66 శాతం తగ్గిస్తుందని శాస్త్రవేత్తలు అంటే, ఉప్పెన సంగతేమిటని ఎదురడగండి. కిలోమీటరు అడవి దాటినా ఉప్పెన నీరు తగ్గేది 5 నుంచి 50 సెంటీమీటర్లే. ‘అర మీటరుకి ఇంత అడవా?’ అని నవ్వండి. గుమ్మం ఎత్తు ఎంతో మాత్రం ఆ మీటింగులో కొలవనివ్వకండి. ఎవరైనా 1977 దివిసీమ మాటెత్తితే రెండు నిమిషాలు మౌనం పాటించి తర్వాతి అంశానికి వెళ్లిపోండి.

ఆనక పునరుద్ధరణ పథకం ఎటూ వస్తుంది. చేపముల్లు ఆకారంలో కాలవలు తవ్వి, పోటు నీరు లోపలికి తెచ్చి, గట్టు వాలులో సగం ఎత్తున మొక్క నాటితే మడ తిరిగొస్తుంది. కృష్ణా, గోదావరి డెల్టాల్లో వచ్చింది కూడా. ఆ పొరపాటు చేయకండి. కాలవ అడుగున నాటండి, మునిగి చస్తాయి. లేదా గట్టు మీద, ఎండి చస్తాయి. పూడికతీతకి పద్దు పెట్టకపోతే కాలవలూ పూడిపోతాయి, మళ్లీ నాటొచ్చు. బ్యానర్ మీద సంవత్సరం ఒక్కటీ స్టిక్కరుగా వేయించుకోండి, చాలు.